ముక్కున్న ఒకటి

బుధవారం పొద్దున్న పది గంటలకు, అంటే ఆ జర్మన్ ఊళ్ళో పిల్లలంతా బళ్ళో ఉండవలసిన వేళకు, ఫ్రౌ నాగెల్ ఇంటి పై వాటాలో ట్రాంబోన్ మోగింది. ట్రాంబోన్ అంటే చిన్నాచితకా వాయిద్యం కాదు. చెయ్యి బారెడు చాచి లాగితే గాని పలకని ఇత్తడి బాకా. దాన్ని పైన ఎవరో నేర్చుకుంటున్నారు. ఇంకా చాలా నేర్చుకోవలసి ఉంది.

కింద వంటింట్లో కేకు కోసం ఆల్బఖరా పళ్ళకు గింజలు తీస్తున్న గెర్లిండె నాగెల్ చేతిలో కత్తి ఆగిపోయింది. చప్పుడు ఆవిడకు లెక్కలోది కాదు. ఊరి పక్కనున్న బేస్‌లోకి, అంటే వైమానిక స్థావరంలోకి, అమెరికా వాళ్ళ విమానాలు యాభై ఏళ్ళుగా ఆవిడ నెత్తిమీదుగానే దిగుతున్నాయి. ఒళ్ళు మండించింది బాకా కాదు, గోడ గడియారం. పన్నెండేళ్ళ పిల్ల పది గంటలకు ఇంట్లో ఏం చేస్తున్నట్టు?

హిర్ష్‌వైలర్ ప్రాథమిక పాఠశాలలో గెర్లిండె ముప్ఫై ఎనిమిదేళ్ళు పనిచేసింది, అందులో పంతొమ్మిదేళ్ళు హెడ్‌మిస్ట్రెస్. రిటైరై తొమ్మిదేళ్ళయినా ఆ వీధిలో పిల్లలు ఆవిడ కనబడితే నోట్లో చూయింగ్ గమ్ మింగేస్తారు. ఆ దేశంలో పిల్లకు ఇంట్లో చదువు చెప్పుకుంటామంటే కుదరదు. ఆరేళ్ళు నిండాయా, బడికి పంపాలి. పంపకపోతే మొదట ఉత్తరం వస్తుంది, తర్వాత జరిమానా, ఆ తర్వాత గుమ్మంలోకి పోలీసు. గెర్లిండె తన ఉద్యోగంలో రెండుసార్లు పోలీసును పంపింది. రెండుసార్లూ ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది.

పై వాటాలో పికెన్స్ కుటుంబం దిగింది ఆగస్టులో. ఎమెట్ పికెన్స్ అమెరికా వైమానిక దళంలో సార్జెంటు, విమానాల ఇంజన్లు బాగుచేస్తాడు. సామాను పెట్టెలు విప్పడం పూర్తికాకముందే అతన్ని ఆర్నెల్లకు గల్ఫ్ వైపు పంపేశారు. ఇప్పుడు పైన ఉన్నది భార్య లొరెటా, కూతురు ఓపల్, ఆ బాకా.

గెర్లిండె మొదట చేయవలసిన పని చేసింది. విద్యాశాఖ వాళ్ళకు ఉత్తరం రాసింది. వారంలో జవాబు రెండంటే రెండు వాక్యాల్లో వచ్చింది: విదేశీ సైనిక కుటుంబాలకు ఈ చట్టం వర్తించదు, మీ శ్రద్ధకు కృతజ్ఞతలు. ముప్ఫై ఎనిమిదేళ్ళ సర్వీసుకు రెండు వాక్యాలు! ఆవిడ ఏప్రన్ విప్పి, జుట్టు సర్దుకుని, మెట్లెక్కింది.

తలుపు తీసిన లొరెటా చేతికి సుద్దపొడి అంటుకుని ఉంది.

"పిల్లకి ఒంట్లో బాలేదా, ఫ్రౌ పికెన్స్?" ఆవిడకు ఇంగ్లీషు వచ్చు. పాఠ్యపుస్తకంలోంచి ఊడిపడ్డట్టుండే ఇంగ్లీషు, మిసెస్ బదులు జర్మన్ ఫ్రౌ, మిస్టర్ బదులు హెర్ మాత్రం వదలదు.

"బాగానే ఉందండీ. లోపలికి రండి మేడమ్."

"బాగుంటే బడికెందుకు పోలేదు?"

"ఇదే బడి మేడమ్" అంది లొరెటా, వంటింటి బల్ల వైపు చెయ్యి చూపించి. "పొద్దున్న లెక్కలూ చదువూ ఇక్కడ. మధ్యాహ్నం బేస్‌లో మా బడికి తీసుకెళ్తా. సైన్సూ బ్యాండూ అక్కడ. ఇంట్లో చదివే పిల్లల్ని కూడా కావలసిన పాఠాలకి రానిస్తారు."

"అంటే సగం ఇక్కడా, సగం అక్కడా. ఒక్క బడి చాలదా ఏం?"

"ఇప్పటికి ఆరు చూసింది మేడమ్. ఆరూ చాల్లేదు."

ఆ మాట లొరెటా ఎత్తిపొడుపుగా అనలేదు. పప్పులో ఉప్పు చాల్లేదన్నట్టు అంది. అమెరికా దక్షిణాన ఆర్కన్సా మనిషి, మాట నెమ్మది, నవ్వు ఇంకా నెమ్మది. బల్ల దగ్గర ఓపల్ తల వంచుకుని కూర్చుంది. సన్నగా, పొడుగ్గా, మోచేతులే ముందు పెరిగినట్టున్న పిల్ల. గెర్లిండె పలకరిస్తే పెదవులు కదిపింది గాని శబ్దం బయటికి రాలేదు.

"అలవాటైతే గాని మాట్లాడదండీ" అంది తల్లి. "అలవాటయ్యే లోపల మాకు బదిలీ అయిపోతుంది."

అప్పుడే గెర్లిండె కంట్లో ఆ నోట్‌బుక్ పడింది. బల్ల మీద తెరిచి ఉంది, దిండంత లావుగా. పైన వరసగా వాళ్ళున్న చోట్ల పేర్లు: ఒక్లహోమా, గువామ్, ఇటలీ, ఇంకా మూడు. కింద నిలువు గడులలో ఏ నెలలో ఏ బళ్ళో ఏ పాఠం జరిగిందో, ఎక్కడ తెగిపోయిందో, లొరెటా గుండ్రటి చేతిరాతలో ఉంది. పాత టీచర్లకు ఉత్తరాలు రాసి, ఫోన్లు చేసి, బతిమాలి రాబట్టిందట. పచ్చరంగు వేసిన గడులు పిల్లకు వచ్చినవి. ఖాళీగా ఉన్నవి రానివి.

"చూడండి. అగ్నిపర్వతాలు మూడుసార్లు చదివింది" అంది లొరెటా. "మూడు ఊళ్ళలోనూ మేం వెళ్ళేసరికి అవే జరుగుతున్నాయి. భిన్నాలు మాత్రం ఒక్కసారి కూడా దొరకలేదు. ఒకచోట మేం బయల్దేరాక మొదలెట్టారు. ఇంకోచోట మేం వచ్చేసరికే అయిపోయాయి. పిల్లకి లెక్కలు రావని కాగితాల్లో రాసేశారు. ఆ కాగితం మాతోపాటే ఊరూరా వస్తోంది. ప్రతిచోటా దాన్ని చూసి, వెనకబడ్డ పిల్లల గుంపులో పడేస్తారు."

గెర్లిండె ఆ పుటలు తిప్పింది. ఒకటి, రెండు, ఐదు. తన పంతొమ్మిదేళ్ళ హెడ్‌మిస్ట్రెస్ ఉద్యోగంలో ఇంత శ్రద్ధగా రాసిన రికార్డు ఒక్క టీచరు కూడా తెచ్చి ఇవ్వలేదని ఆవిడకు వెంటనే తెలిసింది. ఒప్పుకోవడానికి మాత్రం ఇంకో నెల పట్టింది.

ఆ రోజుకు వెనక్కి తిరిగి వెళ్ళిపోయేదే. కాని గుమ్మం దాటబోతుండగా వెనక లొరెటా గొంతు వినబడింది. "భిన్నాన్ని భిన్నంతో భాగించాలంటే రెండోదాన్ని తలకిందులు చేసి గుణించెయ్యి, అంతే. ఎందుకని అడక్కు, నాకూ తెలీదు."

గెర్లిండె గిర్రున తిరిగింది.

"ఎందుకో తెలీకుండా తలకిందులు చెయ్యడమేమిటి? గబ్బిలమా?"

ఓపల్ కిసుక్కున నవ్వింది. ఆ పిల్ల నోట్లోంచి వచ్చిన మొదటి శబ్దం అదే.

"రేపు ఎనిమిదింటికి వస్తాను" అంది గెర్లిండె. "పెన్సిల్ చెక్కి ఉంచు. రెండు చెక్కి ఉంచు."

మర్నాడు ఎనిమిదింటికి ఆవిడ పళ్ళెం నిండా ఆల్బఖరా కేకుతో, గిన్నెతో బంగాళాదుంప సూపుతో పైకి వచ్చింది. ఆ ఊళ్ళో రెండూ కలిపి తింటారు. లొరెటాకు ఆ కలయిక వింతగా తోచింది గాని, పాఠమయ్యాక తిని రెండో గిన్నె అడిగింది. ముందు కేకును నిలువుగా ఎనిమిది పట్టీలుగా కోసి, రెండు పట్టీలు పక్కకు తీసి, గెర్లిండె అడిగింది:

"పళ్ళెంలో ఎంత మిగిలింది?"

"ముప్పావు" అంది ఓపల్, వినీవినబడనట్టు.

"ముప్పావులో ఎనిమిదో వంతులు ఎన్నున్నాయి?"

పిల్ల వేలితో లెక్కపెట్టింది. "ఆరు."

"ఇప్పుడు కాగితం మీద తలకిందులు చేసి గుణించు. ఎంతొచ్చింది?"

"ఆరు." ఓపల్ కాగితం వైపు చూసింది, కేకు వైపు చూసింది, మళ్ళీ కాగితం వైపు చూసింది. "ఓహో. భాగించడమంటే ఎన్నున్నాయని అడగడమేనా?"

"మరేమనుకున్నావ్?"

"శిక్ష అనుకున్నా" అంది ఓపల్.

లొరెటా గబుక్కున అటు తిరిగి సింకులో లేని గిన్నెలు తోమడం మొదలుపెట్టింది. కూతురు బయటివాళ్ళ ముందు హాస్యమాడి రెండేళ్ళయింది.

అలా సెప్టెంబరు, అక్టోబరు, నవంబరు గడిచాయి. పొద్దున్న ఎనిమిది నుంచి తొమ్మిదిన్నర దాకా ఫ్రౌ నాగెల్ లెక్కలు, ఆ తర్వాత తల్లి దగ్గర చదువూ చరిత్రా, మధ్యాహ్నం బేస్ బడి. గెర్లిండె దయగల టీచరేమీ కాదు. కొట్టివేతలుంటే పేజీ మొత్తం మళ్ళీ రాయించేది. అంకెలు కుదురుగా లేకపోతే ఆవిడకు అన్నం సయించదు.

"ఇదేమిటి, పుల్లా?" అని ఓపల్ రాసిన ఒకటిని పెన్సిల్‌తో పొడిచేది. "నిలబెట్టిన ప్రతి పుల్లా ఒకటి అయిపోదు. ఒకటికి ముక్కుండాలి. ఇలా కిందనుంచి పైకి ఏటవాలుగా ఎక్కి, అక్కణ్ణించి తిన్నగా దిగు. ఏడుకి నడుం దగ్గర పట్టీ వెయ్యి, లేకపోతే దాన్నీ దీన్నీ ఎవరు పోల్చుకుంటారు? దశాంశానికి చుక్క కాదు, కామా పెట్టు. చుక్కదేముంది, ఈగ వాలినా పడుతుంది."

పిల్ల నేర్చుకుంది. ముక్కున్న ఒకట్లు, పట్టీ కట్టిన ఏళ్ళు బారులు తీరాయి. లొరెటా వాటిని చూసి అచ్చు వేసినట్టున్నాయని మురిసిపోయేది.

జనవరిలో ఒక మధ్యాహ్నం గెర్లిండె బేస్ పక్కనున్న పంటి డాక్టరు దగ్గరికి వెళ్ళి వస్తూ, గేటు బయట కారు పార్కింగులో లొరెటా కారు చూసింది. అద్దాలు లోపలినుంచి మసకబారి ఉన్నాయి. లొరెటా స్టీరింగు మీద పుస్తకం ఆనించుకుని, కోటు మీద దుప్పటి కప్పుకుని, వేళ్ళు నోటితో ఊదుకుంటూ ఏదో రాస్తోంది. గెర్లిండె అద్దం తట్టింది.

"ఇక్కడేం చేస్తున్నారు? గడ్డకట్టుకుపోతారు."

"పిల్ల బడి అయ్యేదాకా ఇంటికెళ్ళి రావడమెందుకని ఇక్కడే చదువుకుంటున్నా మేడమ్. రేపు మీరు చెప్పబోయేది ఇవాళ నేను నేర్చుకోకపోతే, సాయంత్రం తనకి అనుమానమొస్తే ఎవరు చెప్తారు? నేను తొమ్మిదో తరగతిలోనే లెక్కలకి దండం పెట్టేసినదాన్ని."

"రోజూ ఇంతేనా?"

"సెప్టెంబరు నుంచీ."

గెర్లిండె కారెక్కి పక్క సీట్లో కూర్చుంది. మర్నాటి పాఠం నిష్పత్తులు. బయట మంచు పడుతుండగా ఇద్దరూ గంటన్నరసేపు నిష్పత్తులు చేశారు. బడికి పంపని తల్లి అని ఈవిడ మీద తను ఉత్తరం రాసిన సంగతి ఆవిడకు అప్పుడు గుర్తొచ్చింది. కూతురికి ఒక అడుగు ముందుండటం కోసం ఒక ఆడమనిషి చలికారులో ఒంటరిగా మళ్ళీ బడి మొదలుపెట్టింది. చదువంటే ఇంత గౌరవం తను ఎన్ని ఇళ్ళలో చూసింది? వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. ఒక చెయ్యి చాలు.

మార్చిలో ఎమెట్ తిరిగొచ్చాడు. అతను పెట్టె సర్ది వారం తిరక్కుండా బదిలీ కాగితాలు వచ్చాయి. జూన్ పదిహేనుకల్లా నెవాడా.

ఆ సాయంత్రం లొరెటా కిందికి వచ్చింది. "ఇంతవరకూ నేర్చుకున్నదంతా కాగితమ్మీదకి ఎక్కకపోతే నెవాడాలో మళ్ళీ మొదటికే వస్తాం మేడమ్. బేస్ బళ్ళో ఆల్జీబ్రా క్లాసుంది. వచ్చే నెల్లో పరీక్ష రాసి అందులో చేరితే, తన కాగితాల్లో ఆఖరి మాట 'ఆల్జీబ్రా' అని ఉంటుంది. లేకపోతే లెక్కలు రావన్న ఆ పాత మాటే ఉంటుంది. నలభై ప్రశ్నలు. ఇరవై ఎనిమిది రావాలి."

"ముప్ఫై దాటుతుంది" అంది గెర్లిండె. "దాటకపోతే నా పేరు మార్చుకుంటా."

ఏప్రిల్ రెండోవారంలో పరీక్ష అయింది. శుక్రవారం సాయంత్రం తల్లీ కూతురూ మెట్లెక్కకుండా నేరుగా గెర్లిండె తలుపు తట్టారు. ఓపల్ చేతిలో నాలుగు మడతలు పెట్టిన కాగితం. పైన ఎర్ర సిరాతో పంతొమ్మిది.

గెర్లిండె కళ్ళద్దాలు పెట్టుకుని కాగితం పరిచింది. మొదటి లెక్క సరిగ్గా ఉంది. రెండోది సరిగ్గా ఉంది. మూడోది కూడా సరిగ్గానే ఉంది, కాని పక్కన ఎర్ర ఇంటు మార్కు ఉంది.

"ఇందులో తప్పేముంది? పద్నాలుగు. సరిగ్గానే చేశావుగా."

"పక్కన మాస్టారు రాసింది చూడండి" అంది లొరెటా.

ఎర్ర సిరాలో ఇలా ఉంది: "డెబ్బై నాలుగు ఎక్కణ్ణించి వచ్చింది?"

గెర్లిండె పద్నాలుగు వైపు చూసింది. ముక్కున్న చక్కటి ఒకటి. ఆ ముక్కు పొడుగ్గా, ఏటవాలుగా, తను నేర్పినట్టే ఉంది. ఆవిడ గబగబా కిందికి చూసుకుంటూ వెళ్ళింది. పదకొండు వచ్చిన చోట డెబ్బై ఏడనుకున్నాడు. పావు వచ్చిన చోట ఏడు బై నాలుగనుకున్నాడు. నడుముకు పట్టీ కట్టిన ఏళ్ళన్నిటినీ పిల్ల రాసి కొట్టేసిందనుకుని సున్నా వేశాడు. రెండు కామా ఐదును రెండనీ ఐదనీ రెండు జవాబులుగా చదివి, ఏదో ఒకటి తేల్చుకోమని రాశాడు.

"ఇవి నా ఒకట్లు" అంది గెర్లిండె. "నేనే నేర్పాను. పుల్లలని వెక్కిరించి మాన్పించాను. పిల్లని నేనే ముంచాను."

"లెక్క తప్పలేదుగా మేడమ్. రాత తేడా. లెక్క నేర్పిందీ మీరే" అంది లొరెటా. కోపం ఎక్కడా లేదు. "ఓపల్, అక్కడే మాస్టారుకి చెప్పొచ్చుగా తల్లీ, అవి ఒకట్లని?"

ఓపల్ నేల చూపులు చూసింది. "అందరూ ఉన్నారు" అంది.

"సోమవారం పొద్దున్నే వెళ్దాం" అంది గెర్లిండె. "నేనూ వస్తా."

యాభై ఏళ్ళుగా బేస్ గేటు పక్కనుంచి వెళుతున్నా ఆవిడ ఎప్పుడూ లోపల కాలు పెట్టలేదు. సోమవారం ముదురు నీలం కోటు వేసుకుంది, చావులకూ సన్మానాలకూ మాత్రమే బయటికి తీసేది. హ్యాండ్‌బ్యాగులో సుద్దముక్కలు రెండు వేసుకుంది. గేటు దగ్గర లొరెటా సంతకం పెట్టి ఆవిడకు అతిథి చీటీ ఇప్పించింది. చీటీ ఇచ్చిన సైనికుడికి ఇరవై ఏళ్ళు కూడా ఉండవు. చొక్కా కాలరు సరిచేసుకొమ్మని చెప్పడానికి ఆవిడ నోరు తెరవబోయి బలవంతాన ఆపుకుంది.

లెక్కల మాస్టారు థర్లో గదిలో నల్లబల్ల లేదు. గోడకు తెల్లటి నున్నటి పలక ఉంది. దాని మీద సుద్ద గీసుకోదు. గెర్లిండె దాన్ని శత్రువులా చూసి, ఆయన ఇచ్చిన రంగు కలం అందుకుంది.

"ఇది ఒకటి, హెర్ థర్లో" అని గీసింది. "దీనికి ముక్కుంది. ఇది ఏడు. దీనికి పట్టీ ఉంది. మా దేశంలో నర్సరీ పిల్లలకి కూడా ఇది తెలుసు. తప్పు పిల్లది కాదు, నాది. మీరు దిద్దవలసింది నన్ను."

థర్లో పొడుగాటి మనిషి, కళ్ళ కింద నల్లటి చారలు. ఐదు క్లాసుల పేపర్లు ఒక్కడే దిద్దుకునే మాస్టారు ఎక్కడైనా అలాగే ఉంటాడు. పలక వైపు చూసి, కాగితం వైపు చూసి, నుదురు కొట్టుకున్నాడు.

"అయ్యో! ఇవన్నీ కొట్టివేతలనుకున్నానే నేను. ఈ పిల్లకి మనసు నిలకడ లేదనుకున్నా."

ఎర్ర కలం తీసుకుని మొదటినుంచి మళ్ళీ దిద్దాడు. లొరెటా రెండు చేతులూ ఒళ్ళో గట్టిగా పట్టుకుని కూర్చుంది. ఓపల్ కిటికీ బయటికి చూస్తోంది గాని, చెవులు మాత్రం కలం మీదే ఉన్నాయి.

"ముప్ఫై ఐదు" అన్నాడు థర్లో. ఇంకోసారి లెక్కపెట్టి, "ముప్ఫై ఐదే" అన్నాడు. "ఒక్క ప్రశ్న, ఓపల్. ముప్పావుని ఎనిమిదో వంతుతో భాగిస్తే ఆరు రాశావు. భాగిస్తే తగ్గాలి కదా, పెరిగిందేం?"

జవాబు గెర్లిండె నాలుక కొనదాకా వచ్చింది. లొరెటా ఆవిడ మోచెయ్యి పట్టుకుని ఆపింది.

"ఎంతొస్తుందని కాదు సార్, ఎన్నున్నాయని" అంది ఓపల్. మొదటి మాట వణికింది, రెండోది నిలబడింది. "ముప్పావులో ఎనిమిదో వంతులు ఎన్నున్నాయని అడుగుతున్నారు. చిన్న ముక్కలు కాబట్టి ఎక్కువుంటాయి."

"భేష్" అన్నాడు థర్లో, మనస్ఫూర్తిగానే. కుర్చీలో వెనక్కి వాలి, కంప్యూటర్లో ఏదో చూసి, ముఖం ఇబ్బందిగా పెట్టాడు. "నాకు చాలా సంతోషంగా ఉంది మిసెస్ పికెన్స్. కానీ మీరు జూన్‌లో వెళ్ళిపోతున్నారు. క్లాసు సగం దాటింది. ఎనిమిది వారాలకోసం పిల్లని మధ్యలో తీసుకొచ్చి కూర్చోబెట్టడమెందుకు? వెళ్ళిపోయే పిల్లేగా. నెవాడాలో కొత్తగా మొదలెట్టుకుంటే తనకీ తేలిక."

లొరెటా ఈ మాట ఇంతకుముందు విన్న మనిషి. హ్యాండ్‌బ్యాగు దగ్గరికి లాక్కుంది.

"ఈ మాట నేనూ అన్నాను, హెర్ థర్లో" అంది గెర్లిండె.

ఆయన ఆవిడ వైపు తిరిగాడు.

"మా ఊరి తిరునాళ్ళకి రంగులరాట్నం వాళ్ళు వస్తారు. ఒక ఏడాది రాట్నం విరిగి, మరమ్మతుకని మూడు వారాలు ఆగారు. వాళ్ళ పిల్ల నా క్లాసుకొచ్చింది. తొమ్మిదేళ్ళుంటాయి. మొదటి రోజే చెయ్యెత్తి, నాకు భాగారం రాదు, చెప్తారా అని అడిగింది. మూడు వారాల్లో పోయేదానికి భాగారమెందుకులే అనుకున్నా. సరిగ్గా మీరన్నట్టే. వెనక బల్ల దగ్గర కూర్చోబెట్టి రంగు పెన్సిళ్ళిచ్చా. ఆ పిల్ల ఇంకేమీ అడగలేదు. మూడు వారాలూ బొమ్మలకి రంగులేసింది. మంచి పిల్ల, అల్లరి లేదు అని పొగిడా కూడా."

ఆవిడ రంగు కలానికి మూత పెట్టి బల్ల మీద ఉంచింది.

"బడికి రాని పిల్లల కోసం పోలీసుని పంపినదాన్ని నేను. బడికొచ్చి చెయ్యెత్తిన పిల్లకి మాత్రం రంగులిచ్చి పంపేశా. మూడు వారాలంటే పదిహేను పాఠాలు. పదిహేను పాఠాల్లో భాగారం చెప్పలేకపోతే నేనేం టీచర్ని? ఎనిమిది వారాలంటే నలభై. ఈ పిల్ల ఎక్కడికెళ్ళినా వెళ్ళిపోయే పిల్లే. అందరూ మీలాగే నాలాగే అనుకుంటే దీనికి చదువు ఎప్పుడు చెప్తారు?"

థర్లో బల్ల మీద కాగితాలు అవసరం లేకపోయినా సర్దాడు. తర్వాత ఓపల్‌ను అడిగాడు.

"నీకు ఇష్టమేనా? క్లాసులో వాళ్ళు చాలా ముందున్నారు. కష్టపడాలి."

"అలవాటే సార్" అంది ఓపల్.

"ఒకటి అంకె మాత్రం ఇక్కడ నాకు అర్థమయ్యేట్టు రాయాలి" అన్నాడు థర్లో.

గెర్లిండె భుజాలు బిగుసుకున్నాయి. అంతలోనే వదులయ్యాయి. "పుల్లే రాయి తల్లీ" అంది. "పుల్ల కూడా ఒకటే."

"రెండూ వచ్చు నాకు" అంది ఓపల్.

గంట మోగింది. ఆల్జీబ్రా క్లాసు ఆ గంటకే. ఇప్పటినుంచే కూర్చోమన్నాడు థర్లో. ఓపల్ సంచీ భుజాన వేసుకుని, గదిలోకి వస్తున్న పిల్లల మధ్యనుంచి వెళ్ళి, ముందు వరసలో ఖాళీగా ఉన్న కుర్చీలో కూర్చుంది. తల్లి వైపు ఒకసారి చూసి, ఇక వెళ్ళండి అన్నట్టు చెయ్యి ఊపింది.

లొరెటా వరండాలోకి వచ్చాక ఏడ్చింది. దాచుకోలేదు. ఏడేళ్ళలో ఆరు ఊళ్ళు, ఆరు బళ్ళు, దిండంత నోట్‌బుక్, చలికారు, అన్నీ కలిసి ఒక్కసారే వచ్చాయి. ముక్కు తుడుచుకుని నవ్వింది.

"ఆరు బళ్ళలో మా పిల్ల కోసం ఇలా వచ్చి నిలబడ్డవాళ్ళు ఎవరూ లేరు మేడమ్."

"నేను మీ మీద ఫిర్యాదు రాశాను" అంది గెర్లిండె. "సెప్టెంబర్లో. పిల్లని బడికి పంపడం లేదని."

"తెలుసు మేడమ్. బేస్ ఆఫీసువాళ్ళు ఎమెట్‌కి చెప్పారు."

"తెలిసీ నన్ను మీ బల్ల దగ్గర కూర్చోనిచ్చారా?"

"పిల్ల బడి గురించి అడిగిన మొదటి మనిషి మీరే కదండీ" అంది లొరెటా. మళ్ళీ తనే అడిగింది. "ఆ రాట్నం వాళ్ళ పిల్ల పేరేంటి మేడమ్?"

గెర్లిండె మూసిన తలుపు వైపు చూసింది.

"మా ఊళ్ళో రొట్టెలవాడి దగ్గర్నుంచి మేయరు దాకా అందరూ నా దగ్గర చదివినవాళ్ళే. ఎవరు ఏ బల్ల దగ్గర కూర్చునేవాళ్ళో ఇప్పటికీ చెప్పగలను. ఆ పిల్ల పేరు మాత్రం..." ఆవిడ తల అడ్డంగా ఊపింది. "రిజిస్టర్లో పెన్సిల్‌తో రాశాను. వెళ్ళిపోయేదేగా అని. వెళ్ళిపోయాక చెరిపేశాను."

లొరెటా ఆవిడ హ్యాండ్‌బ్యాగు తను అందుకుని, గోడ పక్కనున్న బెంచీ మీద ఆవిడను కూర్చోబెట్టి, తనూ పక్కన కూర్చుంది. లోపల పాఠం అయ్యేదాకా ఇద్దరూ అక్కడే ఉన్నారు.